ఫిలోమెనా స్నానాలగదిలో స్తంభం

మా పై అంతస్తు ఫిలోమెనా ఇంట్లో గది అద్దెకు తీసుకున్నవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. స్నానాలగది తలుపు తీసి, లోపల నిలబడి ఉన్న బూడిదరంగు రాతి స్తంభాన్ని చూసి, నోరు తెరిచి, "ఇది నిజమైనదేనా?" అంటారు.

"నీ ముక్కు నిజమైనదేనా?" అని ఆమె ముందు మా భాషలో అడిగేది. ఆ తర్వాత నవ్వు మొహం పెట్టి వాళ్లకు తెలిసిన భాషలో, "అవునండీ, రోమన్లది. పదిహేడు వందల ఏళ్ల నాటిది. దానిమీద టవలు ఆరెయ్యకండి" అనేది.

ఆరెయ్యొద్దన్నది రాతిమీద భక్తితో కాదు. ఆ స్తంభానికి ఎండాకాలంలో కూడా చెమట పడుతుంది. టవలు ఆరదు.

మా ఊరు స్ప్లిత్‌లో మా సందు ఇళ్లన్నీ ఇలాంటివే. చక్రవర్తి ఒకాయన కొలువు చాలించి హాయిగా కూర్చుందామని సముద్రం ఒడ్డున కోటంత ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పోయాక మా ముత్తాతల ముత్తాతలు తరుముకొచ్చినవాళ్ల బారినుంచి పారిపోయొచ్చి, ఆ గోడల మధ్య ఎక్కడ చోటు దొరికితే అక్కడ పొయ్యి వెలిగించారు. నా వంటింటి కిటికీ ఆయన కట్టించిన కమానులో సగం. మిగతా సగంలో పక్కింటివాళ్లు చలికోట్లు దాచుకుంటారు.

నా పేరు తోంకా. ఓడరేవులో టిక్కెట్లు ఇచ్చీ ఇచ్చీ రిటైరయ్యాను. ఫిలోమెనాకు సరిగ్గా కింద ఉంటాను. పైన ఎవరు స్నానం చేసినా నా పొయ్యిమీద నాలుగు చినుకులు పడతాయి. కాబట్టి ఆ స్నానాలగది సంగతులు నాకు తెలిసినంతగా ఏ ప్రొఫెసరుకూ తెలియవు.

ఫిలోమెనా ఆ ఇంట్లోనే పుట్టింది. పదిహేనో ఏట చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టడానికి చేరింది. ఇరవయ్యో ఏట జర్మనీ వెళ్లి, ఉల్మ్ అనే ఊళ్లో ఒక ఆస్పత్రి దుప్పట్లను ఆరేళ్లపాటు ఇస్త్రీ చేసింది. వచ్చేటప్పుడు జర్మన్ భాషా, ఎంతటి గుడ్డనైనా చూపుతోనే కొలిచే కన్నూ వెంట తెచ్చుకుంది. వచ్చాక యాకొవ్‌ను పెళ్లాడింది. అతను ఓడల కార్ఖానాలో రంగులేసేవాడు. ఎంత బక్కపలచని మనిషంటే, కొండమీంచి బూరా గాలి దిగే రోజున జేబుల్లో రాళ్లేసుకుని బయటకు పోతాడని సందులో వేళాకోళం చేసేవాళ్లు.

పెళ్లయిన ఏడాదికి, అంటే డెబ్భై ఒకటిలో, యాకొవ్ ఆ స్నానాలగది కట్టాడు. అంతకుముందు అందరూ వంటింట్లో తొట్టి పెట్టుకునే స్నానం చేసేవాళ్లు. హాలు వెనక స్తంభం ఉన్న మూలను ఒక గోడ లేపి వేరు చేశాడు. లోపలివైపు ఇటలీనుంచి తెచ్చిన నీలం పలకలు అంటించాడు. అంతా బాగానే కుదిరింది గానీ, స్తంభం దగ్గర రాతికీ గోడకూ మధ్య జానా బెత్తెడు సందు మాత్రం మిగిలింది. ఇవతల తలుపు, అవతల షవరు. స్నానం చెయ్యాలంటే ఆ సందులోంచి పక్కవాటుగా దూరిపోవాలి. యాకొవ్ తన ఒంటి కొలతకు కట్టుకున్నాడు. ఫిలోమెనా కూడా చేపముల్లులా ఉండేది కాబట్టి ఆ ఇంట్లో ఎవరికీ ఇబ్బంది తెలియలేదు.

"ఈ ఒక్క గోడకు మా ఆయనకు చలికాలమంతా పట్టింది" అని ఆమె చెప్పుకునేది. "రోజూ సాయంత్రం ఎదురింటి ష్పిరోను తోడు పెట్టుకుని అదే పని. ఇప్పటి మేస్త్రీలు మూడు రోజుల్లో లేపేస్తారు, ముప్పై రోజుల్లో పడిపోతుంది."

యాకొవ్ పోయాక, ఒక్కతే ఉండలేక, గది అద్దెకివ్వడం మొదలుపెట్టింది. "గది కలదు" అని అట్టముక్కమీద రాసుకుని పొద్దున్నే ఓడరేవుకు పోయేది. అక్కడ అట్టలు పట్టుకుని నిలబడే ఆడవాళ్లు పాతికమంది ఉండేవాళ్లు. మిగతావాళ్లంతా దొరికినవాళ్ల చెయ్యి పట్టుకుని లాగేవాళ్లు. ఫిలోమెనా మాత్రం చేపల బజారులో నిలబడ్డట్టు నిలబడి ఏరేది. ఓడ దిగేవాళ్ల నడుములు చూసేది. సన్నగా ఉంటే ఎదురెళ్లి పెట్టె అందుకునేది. కాస్త ఒళ్లున్నవాళ్లు తమంతట తాము వచ్చి అడిగితే, "అయ్యో, ఇప్పుడే ఇచ్చేశానండీ" అని అట్టను వెనక దాచేది. టిక్కెట్ల కిటికీలోంచి నేను పాతికసార్లు చూశాను.

ఎదురింటి ష్పిరోతో తగవు కూడా అక్కడే వచ్చింది. ష్పిరో రాతిపని చేసి రిటైరైన బ్రహ్మచారి, యాకొవ్‌కు ప్రాణస్నేహితుడు. అతనూ ఒక గది అద్దెకిచ్చేవాడు. ఒకరోజు ఫిలోమెనా ఇద్దరు సన్నటి ఆస్ట్రియా అప్పచెల్లెళ్లను ఎంచుకుని తీసుకుపోతుంటే, ష్పిరో ఎదురొచ్చి, "ఈవిడ ఇంట్లో స్తంభం సిమెంటుది. వాళ్లాయన పోతపోసి రంగేశాడు" అన్నాడు. సరదాకే అన్నానని తర్వాత నాతో చెప్పుకున్నాడు. ఆ అప్పచెల్లెళ్లు మాత్రం సరదాకు కాదు, నిజంగానే అతనింటికి వెళ్లిపోయారు.

ఆ రోజునుంచి పదకొండేళ్లు ఫిలోమెనా అతనితో మాట్లాడలేదు. ఇద్దరి కిటికీల మధ్య కప్పీలమీద తిరిగే బట్టల తాడు ఒకటే. సోమ, బుధ, శుక్రవారాలు ఆమెవి, మంగళ, గురు, శనివారాలు అతనివి. ఈ పంపకం కూడా నేనే అటూ ఇటూ తిరిగి కుదిర్చాను.

ఇలా ఉండగా ఆమె మేనకోడలు తేయా వచ్చి, "అత్తా, ఇంకా అట్ట పట్టుకుని నిలబడటమేంటి, అడుక్కునేదానిలా?" అని గది ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టేసింది. గది నిండటం మొదలైంది. కానీ వచ్చేవాళ్లను ముందుగా చూసే వీల్లేదు. పేరు వస్తుంది, తారీఖు వస్తుంది, నడుం రాదు.

ఆ సెప్టెంబరులో వుబ్బో వచ్చాడు.

ఫిలోమెనా కిటికీలోంచి నన్ను పిలిచింది. "ఒసే తోంకా, కిందికి చూడవే. పేరు చూసి ఏ కుర్రాడో అనుకున్నాను. ఓడ వస్తోంది."

నిజంగానే సందు నిండుగా ఒక మనిషి వస్తున్నాడు. ఎర్రటి మొహం, తెల్లటి మీసాలు, చంకలో చిన్న సంచి. హాలండులో ఉత్తరాన ఎక్కడో ఆయన ఊరు. కాలువమీద వంతెన ఎత్తి పడవలను వదిలే ఉద్యోగం. జర్మన్ మాట్లాడతాడు. మాటమాటకూ మధ్య ఒక పడవ దాటిపోయేంత వ్యవధి ఇస్తాడు.

ఫిలోమెనా ఆయన్ను తిన్నగా స్నానాలగది దగ్గరకే తీసుకెళ్లింది. "చూడండి షోర్ వుబ్బో. నేను దాచను. ఇదీ సంగతి. పక్కన మంచి హోటలుంది, నేనే చెప్పిస్తాను." మగవాళ్లను షోర్, ఆడవాళ్లను షోరా అనడం మా ఊరి మర్యాద.

వుబ్బో స్తంభాన్ని చూశాడు, గోడను చూశాడు. అరచెయ్యి అడ్డంగా పెట్టి సందును కొలిచాడు. "నలభై ఏళ్లుగా నా పని ఇదేనమ్మా. పడవ పడుతుందా లేదా చెప్పడం." ఊపిరంతా వదిలేసి, చేతులు పైకెత్తి, పక్కకు తిరిగి, నెమ్మదిగా అవతలికి జారాడు. మళ్లీ ఇవతలికి వచ్చాడు. "పడుతుంది" అన్నాడు.

ఫిలోమెనా చప్పట్లు కొట్టింది.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. ఆ సాయంత్రం ఆయన కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చుని ఎండురొట్టె, చీజు ముక్క తింటుంటే ఆమె చూసింది. "భార్య పోయిందట తోంకా. అంత మనిషి అంత ముక్క తింటుంటే చూడలేకపోయాను" అని మర్నాటినుంచి వండిపెట్టడం మొదలుపెట్టింది. గురువారం వేయించిన కవళ్ల చేపలు, బంగాళాదుంపలు వేసిన ఆకుకూర. శుక్రవారం చేపల పులుసు, మొక్కజొన్న సంకటి. శనివారం వైన్‌లో ఒక రాత్రీ ఒక పగలూ నానిన గొడ్డుమాంసం, దానితో పిండి ఉండలు. ఆదివారం పొద్దున్నే ద్రాక్షలు వేసిన బూరెలు ఒక బేసినుడు.

ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు. మా ఊళ్లో మర్యాద తెలిసినవాళ్లు రెండుసార్లు వద్దని మూడోసారి తింటారు. వాళ్ల ఊళ్లో మర్యాద తెలిసినవాళ్లు పెట్టిందంతా తింటారట. పెట్టడం ఆపకూడదని ఈమె, మిగల్చకూడదని ఆయన. మూడు రోజులు అలాగే పోటీ పడ్డారు.

ఆదివారం తొమ్మిదింటికి నా పొయ్యిమీద చినుకులు పడ్డాయి, ఆగిపోయాయి. ఆ తర్వాత నడిచిన చప్పుడు వినపడాలి. వినపడలేదు. చర్చికి పోవడానికి నల్లబట్టలేసుకుని ఫిలోమెనా హాల్లో ఉంది. లోపలినుంచి ఆయన గొంతు వచ్చింది.

"ఫిలోమెనా గారూ, కాస్త ఆలస్యం జరిగేలా ఉంది."

"మీరు నిదానంగా కానివ్వండి."

"నిదానం కాదమ్మా. పూర్తిగా ఆగిపోయింది."

ఆమె కేక విని నేను పైకి పరిగెత్తాను. తలుపు కాస్త తీసి చూస్తే, వెళ్లేటప్పుడు ఎలాగో దూరిన వుబ్బో, తిరిగొచ్చేటప్పుడు ఇరుక్కుని స్తంభాన్ని కావలించుకుని ఉన్నాడు. పొట్ట రాతికి, వీపు నీలం పలకలకు, మొహం మావైపు. నడుముకు టవలు ఉంది గానీ, దాన్ని పట్టుకున్నది ఆయన చేతులు కాదు, గోడే. ఫిలోమెనా సిలువ గుర్తు వేసుకుని, పెట్టెలోంచి తన పెళ్లినాటి అల్లికల బల్లగుడ్డ తెచ్చి, మొహం పక్కకు తిప్పుకుని ఆయన భుజాలమీద కప్పింది.

ముందు లాగాం. తర్వాత నెట్టాం. అటువైపు వెళ్లేవాళ్లెవరూ లేరు కాబట్టి మాప్ కర్రతో నెట్టాం. ఆయన "క్షమించండి" అన్నాడు. షోల్తా దీవినుంచి వచ్చిన మంచి ఆలివ్ నూనె సీసాడు వంచాం. మనిషి డబ్బాలోని చేపలా నిగనిగలాడాడు గానీ కదల్లేదు.

"ఊపిరి వదలండి షోర్ వుబ్బో, మొదటి రోజులాగా."

"వదిలేశానమ్మా. ఇప్పుడు ఉన్నది ఊపిరి కాదు, నిన్నటి మాంసం."

అగ్నిమాపకదళానికి ఫోన్ చేశాను. మోసోర్ కొండమీద మంటలట, అందరూ అక్కడున్నారు. "ప్రాణాపాయమా?" అని అడిగారు. టిక్కెట్ల కిటికీ దగ్గర నేర్చుకున్న నా జర్మన్‌లో సంగతి చెప్పి, ఫోను వుబ్బో చెవికి పెట్టాను. ఆయన, "లేదండీ, మీరు ముందు కొండ సంగతి చూడండి" అన్నాడు.

ఇక దిక్కు ష్పిరో ఒక్కడే. ఆదివారం పూట సుత్తీ ఉలీ ఉన్న మనిషి సందులో ఇంకెవరున్నారు? ఫిలోమెనా పళ్లు బిగించి, "నువ్వు పిలువు. నేను పిలవను" అంది.

ష్పిరో పనిముట్ల సంచితో వచ్చాడు. పదకొండేళ్ల తర్వాత ఆ గడప తొక్కుతున్నాడు కదా, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. లోపలికి తొంగిచూసి, ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి, నా మొహం చూసి మాట్లాడాడు.

"తోంకా, ఆవిడతో చెప్పు. మనిషికి పిండివంటలు పెట్టేముందు గోడ కొలుచుకోవాలని."

"తోంకా, ఈయనతో చెప్పు. పిలిచింది గోడ చూడ్డానికి, నోరు పారేసుకోడానికి కాదని."

"గోడ కొట్టాలంటే ఆవిడ ఒప్పుకోవాలని చెప్పు."

"గోడమీద చెయ్యేస్తే చెయ్యి విరుగుతుందని చెప్పు! అది మా ఆయన చేతులతో కట్టింది."

"నేను మధ్యలో ఉండక్కర్లేదు, ఇద్దరికీ చెవులున్నాయి" అన్నాను. ఎవరూ వినలేదు.

ష్పిరోది తగువులమారి నోరు. ఆవిడ గోడ వద్దంటే అతను గోడే అనాలి. కానీ ఆ రోజు విచిత్రంగా, "నిజమే, గోడ జోలికి పోవద్దు. స్తంభాన్నే ఒక వేలెడు చెక్కితే పోలా?" అన్నాడు. నలభై ఏళ్లు రాయి చెక్కిన మనిషి! నేను బిత్తరపోయాను. ఫిలోమెనా కూడా మొదటిసారి అతనితో ఏకీభవించింది. "చెక్కు. చక్రవర్తికి ఊరునిండా స్తంభాలున్నాయి. మా యాకొవ్‌కు ఈ ఒక్క గోడే ఉంది."

అప్పుడు స్తంభం వెనకనుంచి వుబ్బో అడిగాడు. "వాళ్లేమంటున్నారు?"

చెప్పాను.

"వద్దు" అన్నాడు గట్టిగా. పొద్దుటినుంచి ఆయన గొంతు లేవడం అదే మొదలు. "అనుమతి లేకుండా కుదరదు. సంబంధిత అధికారిని పిలవండి. నేను ఆగుతాను."

"మీరు ఇరుక్కుపోయారండీ!" అన్నాను.

"అయినా సరే. నియమం నియమమే."

పురాతన కట్టడాలను చూసుకునే పాతరాళ్ల ఆఫీసులో పనిచేసే బ్లాజెంకా నాకు తెలుసు. సముద్రంలో ఈత కొడుతున్నదల్లా ఫోనుకు బయటకొచ్చి, తడిజుట్టుతో, కాళ్లకు ఇసుకతో, ఈత దుస్తులమీద చొక్కా ఒకటి తగిలించుకుని పావుగంటలో వచ్చింది. వస్తూనే వుబ్బోను కాదు, స్తంభాన్ని చూసింది.

"ఎవరు దీనికి నూనె పూసింది?"

నేను వుబ్బోకు జర్మన్‌లో చెప్పాను. వుబ్బో, "నేనే కొంత పూశానండీ, నా ఒంటితో" అన్నాడు.

ఆమె ఉలి ష్పిరో చేతిలో ఉండటం చూసి సంచిలో పెట్టించింది. "రాతిమీద గీత పడిందో, ముగ్గురిమీదా కేసు. పోతే ఈ గోడేంటి? దీనికి అనుమతి ఉందా?"

"మా ఆయన ఇది కట్టేటప్పటికి నువ్వు పుట్టలేదమ్మాయ్!" అంది ఫిలోమెనా.

"చక్రవర్తి అది కట్టేటప్పటికి మీరూ పుట్టలేదు షోరా. గోడ తీయాల్సిందే."

ఫిలోమెనా కుర్చీలో కూలబడింది. పదకొండు దాటింది. చర్చి గంటలు అయిపోయాయి. లోపల వుబ్బో కాళ్లు మార్చుకోలేక, ఒక కాలిమీద బరువు వేసి, కొంగలా నిలబడి ఉన్నాడు. గోడ తీయాలంటున్నారని నేను చెప్పగానే ఆయన అన్నాడు. "ఫిలోమెనా గారూ, గోడ పోనివ్వకండి. సాయంత్రానికల్లా నేను సన్నబడతాను. మధ్యాహ్నం భోజనం మానేస్తాను."

ఆ మాట ఆమెను కదిలించేసింది. తన ఇంట్లో ఒక మనిషి ఆకలితో ఉంటాననడం! కళ్లు తుడుచుకుంటూ లేచి, హాలువైపు గోడకున్న పెళ్లిఫోటోను మేకునుంచి తీసి గుండెకు పట్టుకుంది. "కొట్టమను తోంకా. ఇటువైపునుంచి కొట్టమను. పలకలు పగలకుండా చూడమను."

ష్పిరో కదల్లేదు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇంకోసారి నూనె పోసి చూద్దామా?" అన్నాడు.

"కొట్టమను!"

అతను ఉలి ఆనించి మెల్లగా ఒక్క దెబ్బ వేశాడు. సున్నం పెచ్చు ఊడింది. లోపలినుంచి ఇటుకమీద సుత్తి పడ్డ చప్పుడు రాలేదు. గ్లాసులు తగిలించినట్టు ఒక సన్నటి గణగణ వచ్చింది.

రెండో దెబ్బకు చేటంత పెచ్చు ఊడిపడింది. వెనకాల ఇటుకలు లేవు. ఆకుపచ్చ సీసాల అడుగులు. వరసలు వరసలుగా, పక్కపక్కనే పడుకోబెట్టి, మధ్యలో బంకమట్టీ సున్నం కూరి, తేనెపట్టు పేర్చినట్టు పేర్చి ఉన్నాయి. నేల దగ్గరనుంచి పైకప్పు దాకా. అన్నీ ఖాళీవే.

బ్లాజెంకా దగ్గరికొచ్చి వేలితో ఒకటి తట్టింది. "వైన్ సీసాలు" అంది అధికారికంగా.

ఫిలోమెనా ఒక సీసా లాగి చూసింది. మెడకంటిన లక్కమీద చెక్కముద్ర ఒత్తిన గుర్తు. ఆ గుర్తును గుడ్డిదీపం వెలుతురులోనైనా ఆమె పోల్చగలదు. షోల్తాలో ఆమె తండ్రి ద్రాక్షతోటది.

"డెబ్భై ఒకటిలో..." అంది నెమ్మదిగా, "మా నాన్న కూతురి కాపురానికని రెండొందల సీసాలు పడవలో పంపాడు. రేవులో పెట్టెలు జారిపడి అన్నీ పగిలిపోయాయని యాకొవ్ నాతో చెప్పాడు. నేను మూడు రోజులు ఏడ్చాను."

ఆమె ష్పిరోవైపు తిరిగింది. పదకొండేళ్లలో మొదటిసారి నేరుగా అతని మొహంలోకి చూసింది.

"ఒరేయ్ ష్పిరో!"

"షోరా..."

"చెప్పు."

"ఇటుకలు దొరకలేదు షోరా. ఆ ఏడాది ఊళ్లో ఎక్కడా ఇటుక లేదు. స్నానాలగది లేకపోతే నువ్వు మళ్లీ జర్మనీ పోతావని యాకొవ్‌కు భయం. అక్కడ నీకు వేడినీళ్ల షవరు ఉండేదని రోజూ చెప్పేదానివట. సీసాలతో కట్టొచ్చని నేనే అన్నాను. కానీ నిండు సీసాలతో కట్టలేం కదా, బరువు."

"అందుకని?"

"అందుకని... రోజుకు రెండు ఖాళీ చేసేవాళ్లం. సామాను తయారైనకొద్దీ గోడ లేపేవాళ్లం. అందుకే చలికాలమంతా పట్టింది."

బ్లాజెంకా కిటికీవైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదలడం నేను చూశాను. ఫిలోమెనా మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. ఫోటో ఎత్తి పట్టుకుని దానితోనే, "చలికాలమంతా! పాపం అలిసిపోయాడని రోజూ సాయంత్రం నీ కాళ్లు పిసికాను కదరా దొంగసచ్చినోడా!" అంది. అని కుర్చీలో పడి, ఫోటో ఒళ్లో పెట్టుకుని, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ ఏడ్చింది, మళ్లీ నవ్వింది.

"అక్కడేమైనా మంచివార్తా?" అని లోపలినుంచి వుబ్బో అడిగాడు.

ఇక పని చకచకా సాగింది. ష్పిరో సీసాలు ఒక్కొక్కటే తీసి నాకిచ్చాడు, నేను ఫిలోమెనాకు, ఆమె బ్లాజెంకాకు. బ్లాజెంకా హాల్లో వరసగా నిలబెట్టింది. నడుం ఎత్తువరకూ తీసేసరికి లోపలివైపు పలకల వరస కాస్త వెనక్కి వాలింది. వుబ్బో, "వంతెన లేస్తోంది" అన్నాడు. మరో పది సీసాలు తీయగానే నీలం పలకలు సున్నంతో సహా అట్టలా ఊడి, ష్పిరో చాపిన చేతుల్లోకి వచ్చాయి. వాటి వెంబడే వుబ్బో వెనక్కి వెనక్కి నడుస్తూ, పెళ్లినాటి బల్లగుడ్డ కప్పుకుని, హాల్లోకి వచ్చాడు. పొట్టమీద స్తంభం గుర్తు ఎర్రగా పడింది. మావైపు తిరిగి అందరికీ తల వంచి నమస్కారం పెట్టాడు.

ఒంటిగంటకు పొయ్యిమీద నిన్నటి మాంసం వేడవుతోంది. ఫిలోమెనా ఆయనకు వడ్డించబోతూ ఆగి, ఇకనుంచి ఎవరి కొలత వాళ్లదేనంటూ గరిటె ఆయన చేతికే ఇచ్చింది. ష్పిరో టోపీ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఏం, తలుపుకు మేకు కొట్టారా నిన్ను? కూర్చో. నా స్తంభం సిమెంటుదని చెప్పిన నోటితోనే తిను" అంది ఫిలోమెనా.

బ్లాజెంకా మాత్రం తినడానికి రాలేదు. స్నానాలగది నేలమీద మోకాళ్లూని కూర్చుంది. గోడను మొదలుదాకా తీసేయడంతో స్తంభం అడుగు పూర్తిగా బయటపడింది. నలభై ఏళ్లుగా కనిపించని చోట, రాతిమీద మూడు వంకర అక్షరాలు గీసి ఉన్నాయి. ఆ రాయి చెక్కిన పనివాడు తన గుర్తు గీసుకున్నాడట. ఆమె వాటిని వేలితో తడిమి చెప్పింది. "ఇక ఇక్కడ గోడ కట్టడానికి వీల్లేదు షోరా."

"మరి స్నానం చేసేవాళ్లకు మరుగు?"

"అనుమతి వచ్చేదాకా తెర కట్టుకోండి."

తెర కట్టింది. ఇప్పటికీ తెరే. తలుపు లేదు కాబట్టి, లోపలున్నంతసేపూ ఏదో ఒక పాట పాడుతూ ఉండాలని ఫిలోమెనా నాలుగు భాషల్లో రాసి అంటించింది. నా పొయ్యిమీద చినుకుల సంగతి చెప్పక్కర్లేదు. అదనంగా ఇప్పుడు స్వీడన్ జోలపాటలు, పోలండు చర్చి పాటలు, ఇంగ్లీషువాళ్ల ఫుట్‌బాల్ పాటలు పైనుంచి కారుతుంటాయి. వుబ్బో ఏటా సెప్టెంబరులో వస్తాడు. ఆయనకు ఒకే పాట వచ్చు, అదీ మొదటి రెండు పంక్తులే.

తగవు పోయిందంటే పోయింది గానీ, ఫిలోమెనాకు ష్పిరోతో తగవు లేకపోతే తోచదు. మొన్నటిదాకా సీసాలు నూట ఎనభై ఏడా, రెండువందల మూడా అని కొట్టుకున్నారు. ఆదివారాలు తాడెవరిదన్నది ఇంకా తేలలేదు.

మరుసటేడు వసంతంలో ష్పిరోకు పాతరాళ్ల ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. సీసాల సంగతి బ్లాజెంకా నిజాయితీగా నివేదికలో రాసింది. అనుమతి లేకుండా గోడ కట్టినందుకు అతనికి రాతపూర్వకమైన హెచ్చరిక. ష్పిరో సూటు వేసుకుని వెళ్లి సంతకం చేసి తెచ్చుకున్నాడు. ముద్ర, నంబరు, "సదరు గోడ నిర్మాత" అని తన పేరు. సందులో ఇంటింటికీ తిరిగి చూపించాడు.

ఫిలోమెనా ఆ కాగితం చదివి, అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చదివింది. అందులో యాకొవ్ పేరు ఎక్కడా లేదు. మర్నాడు పొద్దున్నే నల్లబట్టలేసుకుని నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయింది.

"గోడ కట్టింది మా ఆయన. ఈయన సీసాలందించాడు, తాగాడు, అంతే. హెచ్చరిక ఈయనకా?" అని బల్లమీద గుద్దింది.

"షోరా, ఆయన పోయి పద్నాలుగేళ్లయింది. పోయినవాళ్లను హెచ్చరించే పద్ధతి లేదు" అంది బ్లాజెంకా.

"పద్ధతి లేకపోతే పెట్టండి. తప్పు చేసింది ఆయన. ఊరికే వదిలేస్తారా?"

రెండు గంటలు కూర్చుంది. సంచిలోంచి బూరెలు తీసి ఆఫీసులో అందరికీ పెట్టింది. చివరకు బ్లాజెంకా విసిగి, నవ్వి, ఒక కాగితం టైపు చేసింది. దానికి నంబరు లేదు, ముద్ర మాత్రం ఉంది. యాకొవ్ అనే రంగుల పనివాడు, వెయ్యిన్నీ తొమ్మిదివందల డెబ్భై ఒకటో సంవత్సరం చలికాలంలో, చక్రవర్తి స్తంభం పక్కన అనుమతి లేకుండా గోడ కట్టినందున ఇకముందు అలా చేయరాదని హెచ్చరించడమైనది.

ఫిలోమెనా దాన్ని దారంతా మడవకుండా, రెండు చేతులతో పట్టుకుని నడిచింది. చేపల బజారు దగ్గర ఎవరో "ఏంటి షోరా ఫిలోమెనా, అవార్డా?" అని అడిగితే, ఆగి, మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించింది.